తృటిగారి నల్ల రిజిస్టరు

ఎదురుపడిన మనిషిని బాగున్నారా అని పలకరించేవాళ్ళుంటారు, ఎందాకా అని పలకరించేవాళ్ళుంటారు. మా యూనివర్సిటీలో ఒకాయన మాత్రం "ఇవాళ తృటిలో ఏం తప్పింది?" అని పలకరించేవాడు. పొద్దున తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడి అడిగేవాడు. మెట్ల మీద అడిగేవాడు. సింకు దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి అడిగేవాడు. ఏమీ లేదు సార్ అంటే నమ్మేవాడు కాదు. ఇరవై మూడు ల్యాబుల్లో రోజుకి ఒక్కటైనా ప్రమాదం జరగబోయి ఆగి తీరుతుందని ఆయన లెక్క.

ఆయన గది తలుపు మీద సేఫ్టీ కోఆర్డినేటర్ అని బోర్డుండేది. దాన్ని చదివిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఎదురుగా సార్ అనేవాళ్ళం, చాటున తృటిగారు అనేవాళ్ళం. చొక్కా జేబులో పసుపు చీటీల కట్ట, ఆ కట్టకి దారంతో కట్టిన పెన్ను ఆయన ఆస్తి. పెన్ను కట్టుకోవడం ఒక్కటే ఆయన చేసిన తెలివైన పని అనేదాన్ని నేను. పరిశోధకుల చేతికి పెన్నిస్తే తిరిగి రావడమంటూ ఉండదు.

"ప్రమాదం జరిగితే అందరికీ తెలుస్తుందమ్మా. జరగబోయి ఆగిందే, దాని సంగతి ఎవరికీ తెలీదు. అదేమో దారి చూసుకుని పోయింది. మళ్ళీ వస్తుంది," అనేవాడు, ఎవరో దొంగ గురించి చెబుతున్నట్టు.

ముందే చెబుతున్నాను, ఇది పొగడ్త కాదు. ఆ మనిషి మీద నాకు ఐదేళ్ళ కోపం ఉంది. అందులో కొంత ఇంకా మిగిలే ఉంది.

ఆ పసుపు చీటీలో నాలుగు గడులుండేవి. ఏం తప్పింది, ఎక్కడ తప్పింది, ఎవరు చేశారు, మళ్ళీ జరగకుండా ఏం చేశారు. నాలుగూ నింపి రెండు ప్రతులు ఇవ్వాలి. ఆయనకి ఏదైనా రెండు ప్రతులు కావాలి. ఒకసారి జ్వరమొచ్చి రాలేదని చెబితే దానికీ రెండు ప్రతులడిగాడు. ఒకటి ఆయన గదిలోని నల్ల అట్ట రిజిస్టరుకి, రెండోది ఆ రిజిస్టరు తగలబడితే ఉండడానికట.

ఆ చీటీ ఎవరైనా నింపుతారా? మా గైడు సంగతి చెబితే మీకే తెలుస్తుంది. ఆయన దగ్గర పీహెచ్‌డీలో చేరిన మొదటి రోజే ఒక మాట చెప్పాడు. ప్రమాదాల పుస్తకంలో, అంటే ఆ నల్ల రిజిస్టరులో, పేరెక్కినవాళ్ళకి తన ల్యాబులో బల్ల ఉండదు. ఒక్కసారి ఎక్కినా సరే, ఐదో సంవత్సరంలో ఎక్కినా సరే, సంచి సర్దుకోవడమే. ఇంచుమించు అన్ని ల్యాబుల్లోనూ ఇదే మాట. అలాంటప్పుడు 'ఎవరు చేశారు' అనే గడిలో తన పేరు తానే రాసుకునే వెర్రిబాగులవాడు ఎవడుంటాడు? అందుకని ఐదేళ్ళూ తృటిగారు అడుగుతూనే ఉన్నాడు, మేం ఏమీ లేదంటూనే ఉన్నాం.

కారిడార్ చివర చీటీల డబ్బా కూడా ఒకటి పెట్టాడు. అందులో చాక్లెట్ కాగితాలు పడేవి. ఒళ్ళు మండి ఒకసారి నేనే ఒక చీటీ రాసి వేశాను. 'ఏం తప్పింది' దగ్గర 'సేఫ్టీ సార్ మా గదికి రాబోయి తప్పారు' అని రాశాను. 'ఎవరు చేశారు' ఖాళీగా వదిలేశాను. మర్నాడు ఆయన ఆ చీటీ పట్టుకుని గది గదికీ తిరిగాడు. నిన్న నేను రాకపోవడం వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా అని అడిగాడు. మేం బల్లల కింద దూరి నవ్వుకున్నాం.

ఇక ఆయన పెట్టిన రూల్స్ గురించి చెప్పాలంటే పళ్ళు నూరకుండా చెప్పలేను. స్టోరునుంచి సీసా తెచ్చుకోవాలంటే ఒకసారికి ఒక సీసా, దానికి రెండు చేతులు. ఆరు సీసాల కోసం నేను మూడంతస్తులు ఆరుసార్లు ఎక్కి దిగాను. ఆరోసారికి మెట్ల మలుపులో కుర్చీ వేసి నాకోసం నిలబడి ఉన్నాడు. ఆయాసంతో సీసా మొయ్యకూడదట, కాసేపు కూర్చుని వెళ్ళాలట. ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది, దానికి తట్టుకుని పడబోతున్నవాళ్ళు రోజూ ఉన్నారు.

కెటిల్స్ నిషేధమన్నాడు. మా గైడుకి గంటకో కప్పు టీ పడాలి. ఆయన గదిలో కెటిల్ని కూడా తృటిగారు గుడ్డలో చుట్టి చంటిబిడ్డలా రెండు చేతులతో ఎత్తుకుపోయాడు. ఆ రోజు మా గైడు తృటిగారి మీద అరవకుండా మా మీద అరిచాడు. అదే వారం నేనిచ్చిన థీసిస్ రెండో అధ్యాయం అసలు ఇవ్వనే లేదన్నాడు. ఇచ్చాను సార్ అంటే, ఇస్తే ఏదమ్మా అన్నాడు. సవరణలన్నీ ఆ ప్రతి మీదే చేసుకున్నాను, నకలు లేదు. నెల్లాళ్ళు కూర్చుని మళ్ళీ రాశాను.

సాయంత్రం ఇంటికెళ్ళి ఇదంతా అక్కకి చెప్పేదాన్ని. నేనూ అక్కా ఒకే వాటాలో ఉండేవాళ్ళం. అక్క ఆస్పత్రిలో నర్సు. దానికీ రోజంతా రోగులతో తల బొప్పి కట్టి ఉంటుంది, అయినా నా కంచం ముందు కూర్చుని, "చెప్పవే, ఇవాళ మీ తృటిగారు ఏం చేశాడు?" అని అడిగేది. నాకొచ్చిన సంబంధాల గురించి కూడా నేనిన్ని వివరాలు చెప్పలేదని దాని ఫిర్యాదు. ఆయన మధ్యాహ్నం ఒంటిగంటకి అందరితో కలిసి తినకుండా నాలుగింటికి మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పుతాడని చెబితే, పాపం ఎవరూ పిలవరేమో అంది. పిలిస్తే మాత్రం వస్తాడా, అన్నం మెతుకు గొంతులో అడ్డుపడబోయి తప్పిందా అని అడుగుతాడు అన్నాను.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్లో అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

కిందటేడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. మా హాట్‌ప్లేటుకి రెండు నాబులుంటాయి. ఒకటి వేడికి, రెండోది పైనున్న ద్రవాన్ని కలపడానికి. నేను కలిపేది ఆపానే గాని వేడి ఆపలేదు. పైన బీకరులో స్పిరిటు ఉంది. పరుగెత్తాను, మూడంతస్తులూ ఎలా ఎక్కానో తెలీదు. వెళ్ళేసరికి గదిలో ఎవరూ లేరు. హాట్‌ప్లేటు ఆపేసి ఉంది. బీకరు దూరంగా సింకులో ఉంది. బల్ల తుడవడానికి అక్క పాత చున్నీ చింపి ఇచ్చిన పసుపు గుడ్డ అంచు నల్లగా మాడి ఉంది. ఇంకో ఐదు నిమిషాలైతే ఆ గదీ, నా నాలుగేళ్ళ నోటుపుస్తకాలూ మిగిలేవి కావు. ఆ గుడ్డని నా సంచిలో కుక్కుకున్నాను.

"వెళ్ళి మీ గైడుకి చెప్పెయ్," అంది అక్క ఆ సాయంత్రం.

"చెబితే రేపే బల్ల ఖాళీ చెయ్యమంటాడు. నాలుగేళ్ళే."

నేను మూడు వారాలపాటు భయంతో చచ్చాను. ఆపింది ఎవరు? ఎవరు నన్ను చూసి నవ్వినా తెలిసే నవ్వాడనిపించేది. ఎదుటి బల్ల అబ్బాయి చూశాడేమోనని అతనికి అడక్కుండానే నా సీసాలు ఇచ్చేశాను. తృటిగారి మీద మాత్రం అనుమానం రాలేదు. ఆయనకి తెలిసుంటే ఊరుకుంటాడా, రెండు ప్రతులు అడగడూ?

గుడ్డ మాడిన నాలుగో రోజునే తృటిగారు వచ్చి మా హాట్‌ప్లేట్లన్నిటికీ వేడి నాబుల చుట్టూ ఎర్ర టేపు చుట్టాడు. అసలే బెదిరి ఉన్నానేమో, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మేమేం పసిపిల్లలమా, ఏది వేడి నాబో తెలీకుండానే పరిశోధన చేస్తున్నామా అని ఆయన్ని అందరి ముందూ కడిగేశాను. ఆయన టేపు పళ్ళతో కొరుకుతూ అంతా విన్నాడు. "నిజమేనమ్మా," అన్నాడు. తర్వాత పక్క హాట్‌ప్లేటుకి టేపు చుట్టాడు.

నా సహనం హుడ్ దగ్గర తెగింది. హుడ్ అంటే విషపు ఆవిర్లని బయటికి లాగే గాజు గూడు. నాలుగు నెలలు కష్టపడి చేసిన నా సరుకు అందులో ఉంది. తృటిగారు ఒక పొద్దున టిష్యూ కాగితం ముక్క పట్టుకొచ్చి గూడు ముందు వేలాడదీశాడు. గాలి లోపలికి లాగితే కాగితం లోపలికి ఊగాలి. అది బద్ధకంగా వేలాడింది. వెంటనే హుడ్‌కి సీలు వేశాడు. ఫ్యాను బాగు చేసేవాడు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఎనిమిది రోజుల్లో నా సరుకు గాలి తగిలి చెడిపోయి తారులా తయారైంది. ఒక కాగితం ముక్క ఊగలేదని నాలుగు నెలలు పోయాయి.

మూడు పేజీల ఫిర్యాదు రాశాను. ఈ మనిషివల్ల ఒక్క ప్రమాదమూ ఆగలేదు, పరిశోధన మాత్రం ఆగింది, ఈయన్ని తీసెయ్యాలి అని రాశాను. నమ్మకపోతే ఆ నల్ల రిజిస్టరు తెరిచి చూడండి అని కూడా రాశాను. మేం ఒక్క అసలు చీటీ కూడా ఇవ్వలేదు కాబట్టి అది ఖాళీగా ఉంటుందని నా ధీమా. ముప్ఫై ఒక్కమంది సంతకాలు పెట్టారు. మా గైడు చదివి, భాష బాగుంది అన్నాడు. నా ఐదేళ్ళ చదువులో ఆయన మెచ్చుకున్న రాత అదొక్కటే.

డీన్ మేడమ్ విచారణ పెట్టింది. ఆమె ఒక వైపు, పక్కన సభ్యుడిగా మా గైడు, ఫిర్యాదుదారుని కాబట్టి ఎదురుగా నేను. తృటిగారు కూర్చోమన్నా కూర్చోలేదు, ఆ కుర్చీకి ఒక కాలు పొట్టిగా ఉందట. గుమాస్తా నల్ల రిజిస్టరు తెరిచాడు. ఖాళీగా లేదు. చివరిదాకా నిండి ఉంది.

"మొత్తం ఎన్ని?" అంది మేడమ్.

"రెండు వందల పద్నాలుగు," అన్నాడు గుమాస్తా. "చేసినవారు అన్న చోట అన్నిటికీ ఒకటే పేరు మేడమ్. వీరిదే."

చదవమంది. గుమాస్తా ఉప్పూ కారం లేని గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. మొదటిదాంట్లో తృటిగారి పూర్తి పేరుంది, ఆ తర్వాత అంతా సదరు. గ్యాసు మీట ఆపకుండా వెళ్ళిపోవడమైనది, చేసినవారు సదరు. ఆమ్లంలో నీళ్ళు పోయడమైనది, చేసినవారు సదరు. చంకలో ఒక సీసా, చేతుల్లో రెండు సీసాలు పట్టుకుని మెట్ల మీద కాలు జారబోవడమైనది, చేసినవారు సదరు. ఇది వినగానే నాకు అనుమానం మొదలైంది. తృటిగారు చంకలో సీసా పెట్టుకోవడమా? ఆ మనిషి గొడుగు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు.

ఎనభై ఎనిమిదోది నా వెటకారం చీటీ. సదరు వ్యక్తి గదికి రాబోయి తప్పినాడు, చేసినవారు సదరు, మళ్ళీ జరగకుండా రోజూ తప్పక వచ్చుచున్నాడు. మొత్తం పుస్తకంలో నిజంగా ఆయన చేసింది అదొక్కటే.

డీన్ మేడమ్ కళ్ళజోడు తీసింది. "ఆరేళ్ళలో మీరు రెండు వందల పద్నాలుగు సార్లు ఈ యూనివర్సిటీని తగలబెట్టబోయారు."

"తగలబడలేదు కదమ్మా," అన్నాడు తృటిగారు.

"ఇవన్నీ నిజంగా మీరే చేసుంటే మీరీ ఉద్యోగానికి పనికిరారు. చెయ్యకపోతే ప్రభుత్వ పుస్తకంలో దొంగరాతలు రాశారు. ఎలా చూసినా మిమ్మల్ని ఉంచలేను. ఏది నిజమో చెప్పండి."

ఆయన తలెత్తి పైకప్పు వైపు చూశాడు. ఆలోచిస్తున్నాడనుకున్నాం. పొగని కనిపెట్టే యంత్రానికి దీపం వెలగడం లేదని చెప్పి చీటీ తీశాడు. మేడమ్ విసుక్కుని గుమాస్తాని కానివ్వమంది.

"నూట ముప్ఫై ఒకటి," అన్నాడు గుమాస్తా. "ఆగస్టు తొమ్మిది, ఒంటిగంటా పది నిమిషాలు. మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల. హాట్‌ప్లేటు వేడి నాబు ఆపకుండా భోజనానికి వెళ్ళడమైనది. పైన స్పిరిటు. పక్కన పసుపు గుడ్డ అంచు మాడినది. చేసినవారు సదరు. మళ్ళీ జరగకుండా వేడి నాబులన్నిటికీ ఎర్ర టేపు చుట్టడమైనది."

నాకు కృతజ్ఞతతో కళ్ళు చెమర్చి ఉండాలి. అలాంటిదేమీ జరగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా చోట ఒకరి పనిని ఇంకొకరు తమ పేరు మీద వేసుకోవడం ఎంత ఘోరమో మొదటి సంవత్సరంలోనే నూరిపోస్తారు. ఇక్కడ ఈయన మూడు వారాలు నాకు నిద్ర లేకుండా చేసిన తప్పుని, నా సొంత తప్పుని, చక్కగా తన పేరు మీద వేసుకుని కూర్చున్నాడు. కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలీదు.

"అది ఆయనది కాదు మేడమ్, నాది," అన్నాను. "కావాలంటే గుడ్డ ఇంట్లో ఉంది, తెచ్చి చూపిస్తాను. ఆ రోజు ఆయన మా గదిలో అడుగైనా పెట్టాల్సిన పని లేదు. నా తప్పు ఆయనెలా రాసుకుంటాడు?"

మా గైడు నా వైపు తిరిగాడు. ఏం మాట్లాడుతున్నావో తెలుసా, నా ల్యాబు రూలు గుర్తుందా అన్నాడు. గుర్తుందన్నాను. అయితే ఇవాళే బల్ల ఖాళీ చెయ్యి అన్నాడు.

గుమాస్తాని ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆయన పాటికి ఆయన చదువుతూనే ఉన్నాడు. "నూట ముప్ఫై నాలుగు. రెండో అంతస్తు, ప్రొఫెసరు గది. నీళ్ళు లేని కెటిల్ ఆన్ చేసి మీటింగుకి వెళ్ళడమైనది. కెటిల్ కరిగి, పక్కనున్న థీసిస్ రెండో అధ్యాయం ఇరవై రెండు పేజీలు మాడినవి. చేసినవారు సదరు. మళ్ళీ జరగకుండా కెటిల్స్ నిషేధించడమైనది."

నేను మా గైడు వైపు చూశాను. అప్పుడు నా చూపు ఎలా ఉందో నాకు తెలీదు గాని, ఆయన గ్లాసెడు నీళ్ళు గటగటా తాగాడు.

"రెండో అధ్యాయం ఇవ్వలేదన్నారు సార్," అన్నాను.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత, "కెటిల్ నాది మేడమ్," అన్నాడు మెల్లిగా. నా వైపు తిరిగి, "నీ బల్ల సంగతి... ఉండనివ్వు," అన్నాడు.

బయట కారిడార్లో తృటిగారు నా మీద కోప్పడ్డాడు. ఇప్పుడు రెండు పేజీలు కొట్టేసి రాయాలట, కొట్టివేతలుంటే రిజిస్టరు శుభ్రంగా ఉండదట. నాకూ తక్కువ కోపం లేదు.

"ఎవరు మిమ్మల్ని రాసుకోమన్నారు సార్?"

"పేరు అడిగితే ఎవరూ చెప్పరు కదమ్మా. మీ బల్లలు పోతాయి. రాయకపోతే అదే తప్పు రేపు ఇంకొకళ్ళు చేస్తారు, ఈసారి తప్పదు. ఎవరిదో ఒక పేరు ఉండాలి. నాకు పీహెచ్‌డీ లేదు, పోయేదేముంది?" అన్నాడు. ఆపైన, ఒంటిగంటకి అందరూ భోజనానికి వెళ్తారని, ఏదైనా మరిచిపోతే ఆ గంటలోనే మరిచిపోతారని, అందుకే అప్పుడు గదులన్నీ ఒకసారి చుట్టి వస్తాడని చెప్పాడు. నాలుగింటి డబ్బా సంగతి నాకు అప్పుడు అర్థమైంది. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ మెట్ల మలుపు కుర్చీ దారికడ్డంగా ఉందని తిట్టాను. చీటీ రాయమన్నాడు.

డీన్ మేడమ్ తీర్పు రెండు రోజులకి వచ్చింది. ఉద్యోగం ఉంటుంది. కానీ తప్పుడు రాతలకి శిక్షగా తృటిగారు ప్రాథమిక భద్రతా శిక్షణ మళ్ళీ తీసుకోవాలి. ఒప్పుకున్న తప్పులకి నేనూ, మా గైడూ కూడా తీసుకోవాలి. యూనివర్సిటీ మొత్తంలో ఆ శిక్షణ ఇచ్చేది తృటిగారొక్కడే అన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదో, తెలిసే రాసిందో ఇప్పటికీ తెలీదు.

మూడు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో మా గైడు. మూడోది తృటిగారిది. బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పేవాడు, హాజరు పట్టీ వచ్చినప్పుడు వచ్చి మూడో కుర్చీలో కూర్చుని సంతకం పెట్టి మళ్ళీ వెళ్ళేవాడు. సందేహాలున్నాయా అని ముగ్గురి వైపూ చూసి అడిగేవాడు. చివర్లో పరీక్ష పెట్టాడు. నాకు డెబ్భై రెండు, మా గైడుకి అరవై ఒకటి వచ్చాయి. తనని తాను ఫెయిలు చేసుకున్నాడు, మొదటి రోజు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడట. మళ్ళీ రాసి పాసయ్యాడు.

ఆ మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడి, ఏమీ జరగనట్టే, "ఇవాళ తృటిలో ఏం తప్పింది?" అన్నాడు. నేను రాసి ఉంచిన చీటీ ఇచ్చాను. నా జీవితంలో నా పేరు రాసి ఇచ్చిన మొదటి చీటీ అది. ఏం తప్పింది: మీ ఉద్యోగం. ఎక్కడ: డీన్ గది. ఎవరు చేశారు: నేను, మూడు పేజీలలో.

ఆయన నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత దారం లాగి పెన్ను అందుకుని మూడో గడి వైపు పోనిచ్చాడు. నేను పెన్ను పట్టుకున్నాను.

"ఆ పేరు ముట్టుకున్నారంటే ఈసారి ఆరు పేజీలు రాస్తాను సార్."

ఆయన పెన్ను వదిలేశాడు. కానీ ఊరికే వదిలే మనిషి కాదు కదా. నాలుగో గడి చూపించాడు, అది ఖాళీగా ఉంది. మళ్ళీ జరగకుండా ఏం చేశావమ్మా అన్నాడు. ఏం రాయాలో తోచలేదన్నాను. సోమవారందాకా గడువిచ్చాడు.

అందుకని ఇది రాశాను. ఈసారి అడగకముందే రెండు ప్రతులు తీశాను.